సన్నిధి : మహమ్మారి కాలపు ఆన్‌లైన్ ఆంగ్లబోధన – ఒక పరిశీలన

వాక్యార్థజ్ఞానానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ హేతువులని తర్కసంగ్రహంలో అన్నంభట్టు చెప్పిన సంగతి ప్రాచ్యకళాశాలలలో చదివినవారికి కొత్తగా చెప్పవలసినది కాదు. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని పేర్లు వరుసగా చెప్పుకొనిపోతే అది వాక్యం కాదు. ఒక పదానికి మరొక పదం కావలెనన్న అపేక్ష అక్కడ లేదు. నిప్పుతో తడుపుమంటే యోగ్యత లేదు. ఆవును తీసికొనిరమ్మని చెప్పదలచినవాడు ఆ పదాలను జామునకొకటి చొప్పున పలికితే సన్నిధి లేదు. పదిహేడవ శతాబ్దికి చెందినవాడుగా, ఆంధ్రుడుగా ప్రసిద్ధుడైన ఈ నైయాయికుడు బాలుర కొరకు వ్రాసిన చిన్న గ్రంథంలోని మూడవ హేతువు నాకు నిజంగా బోధపడినది 2020వ సంవత్సరంలో, అదీ ఆంగ్లభాషా తరగతిలో.

ఈ వ్యాసకర్త ఒక ప్రాచ్యకళాశాలలో ఆంగ్లం బోధించే ఉపన్యాసకుడు. తెలుగు, సంస్కృతం ప్రధానాంశాలుగా చదివే విద్యార్థికి ఆంగ్లం ఒక విధిపత్రం. ఉత్తీర్ణత కావలెను కనుక చదివే విషయం. అట్టి విద్యార్థులకు అట్టి విషయాన్ని అంతర్జాలం ద్వారా చెప్పవలసి వచ్చినప్పుడు భాషాబోధనలో ఏది నిలిచినది, ఏది జారిపోయినది అని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆన్‌లైన్ బోధన మంచిదా చెడ్డదా అన్న వాదం ఇప్పటికే చాలమంది చేశారు. ఇక్కడ విచారించేది అంతకంటె చిన్న ప్రశ్న: పలుకు ఒకరినుండి మరొకరికి చేరే విధానం మారినప్పుడు భాష నేర్పడం ఏమవుతుంది?

నేపథ్యం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్-19ను మహమ్మారిగా పేర్కొన్నది. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ ఆరంభమైనది. ఏప్రిల్ 29న విశ్వవిద్యాలయ నిధుల సంఘం పరీక్షల గురించి, విద్యాసంవత్సర ప్రణాళిక గురించి మార్గదర్శకాలు వెలువరించినది. అదే రోజున గూగుల్ సంస్థ తన మీట్ సదుపాయాన్ని అందరికీ ఉచితం చేస్తున్నట్లు ప్రకటించడం కాకతాళీయం. ఆ మరునాడు, అంటే ఏప్రిల్ 30న, తిరుపతిలోని రాష్ట్రీయ సంస్కృత విద్యాపీఠం కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైనది. మన రంగానికి చిరకాలం గుర్తుండవలసిన ఆ దినాన తరగతిగదులన్నీ తాళాలు వేసి ఉన్నవి.

దూరబోధన మనకు అపరిచితమేమీ కాదు. ఉపగ్రహం ద్వారా గ్రామాలకు దూరదర్శన పాఠాలు పంపిన 1975–76 నాటి ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పాల్గొన్నది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే ఏర్పడినది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో ఉన్నది. 1984లో నిధుల సంఘం దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతిగది కార్యక్రమం మొదలుపెట్టినది. కాని వీటిలో ఏదీ తరగతిగది పోయిన లోటు తీర్చడానికి పుట్టినది కాదు. తరగతికి రాలేనివారి కొరకు, ముందుగా వ్రాసి, దిద్ది, అచ్చువేసి, రికార్డు చేసి పంపిన పాఠాలవి. 2020లో జరిగినది వేరు. అమెరికాకు చెందిన హాజెస్ తదితరులు ఆ ఏడాది మార్చి 27న ప్రచురించిన వ్యాసంలో ఈ భేదాన్ని స్పష్టంగా చెప్పి, దీనిని ఆన్‌లైన్ విద్య అనరాదనీ, అత్యవసర దూరబోధన అనవలెననీ సూచించారు. ఆ సూచన సమంజసమైనది. ఇల్లు కాలుతున్నప్పుడు సామాను బయటికి చేరవేసే పనిని గృహనిర్మాణం అనరు కదా.

సాధనసంపత్తి విషయం ఎక్కువగా చెప్పనవసరం లేదు. జాతీయ నమూనా సర్వే 2017–18లో జరిపిన 75వ విడత గణన ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాలలో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం, అంతర్జాల సదుపాయం ఉన్నవి 14.9 శాతం, పట్టణాలలో ఇవి వరుసగా 23.4, 42 శాతం. మా విద్యార్థులు ఏ పక్షంవారో వేరుగా చెప్పనక్కరలేదు. ఇంటిలో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను తండ్రితో పొలానికి పోతే ఆ రోజు పాఠం లేదు. మేడ ఎక్కినవారు, చెరువుగట్టుకు పోయినవారు, ఎండలో వేపచెట్టు క్రింద కూర్చొని విన్నవారు ఉన్నారు. ఇవన్నీ పత్రికలలో వచ్చినవే. ఫోను, సంకేతం, డేటా మూడూ ఉన్న విద్యార్థికి కూడ పాఠంలో ఏదో అందలేదు. ఆ ఏదో ఏమిటన్నదే అసలు విషయం.

విలంబం

సంభాషణలో ఒకరు ముగించిన తరువాత మరొకరు మొదలుపెట్టడానికి నడుమ ఎంత వ్యవధి ఉంటుంది? నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన స్టివర్స్, ఆమె సహపరిశోధకులు పది భాషలను పరిశీలించి 2009లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ వ్యవధి సగటున సెకనులో అయిదవ వంతు మాత్రమే, అంటే దాదాపు 200 మిల్లీసెకన్లు. ఆ పదింటిలో తెలుగు లేదు. అయినను పరస్పర సంబంధం లేని భాషలలో కూడ ఈ లెక్క దగ్గరదగ్గరగానే ఉండటం గమనింపదగినది. ఇది కనురెప్పపాటు కాలం. ఆ మాత్రం ఆలస్యమైనా వినేవాడు దానికొక అర్థం కల్పిస్తాడు: సందేహిస్తున్నాడనో, ఇష్టం లేదనో, తెలియదనో.

ఇప్పుడు మరొక లెక్క. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం వారి జి.114 సిఫారసు ప్రకారం మాట ఒక చివరనుండి మరొక చివరకు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే సంభాషణకు ఇబ్బంది ఉండదు, 400 మించరాదు. ఇది ఒకవైపు ప్రయాణం మాత్రమే. ప్రశ్న పోయి సమాధానం రావడానికి రెట్టింపు. మంచి సంకేతం ఉన్న పట్టణంలోనే పోకరాకలకు సహజమైన 200 మిల్లీసెకన్లు మించిపోవచ్చును. చెరువుగట్టు మీది విద్యార్థి మాట వేరుగా చెప్పాలా?

ఫలితం ఏమిటో తరగతి నడిపినవారందరికీ అనుభవమే. నేను ప్రశ్న వేస్తాను. సమాధానం రాదు. అర్థం కాలేదనుకొని ప్రశ్నను తెలుగులో తిరిగి చెబుతాను. అదే క్షణంలో మొదటి ప్రశ్నకు సమాధానం వస్తుంది, రెండు గొంతులు ఢీకొంటాయి, ఇద్దరమూ ఆగుతాము, ఇద్దరమూ తిరిగి మొదలుపెడతాము. నాలుగైదుసార్లు ఇట్లు జరిగిన పిమ్మట విద్యార్థి మైకు మూసి మౌనం వహిస్తాడు. అతడు పలికినది శుద్ధమైన ఆంగ్లవాక్యమే కావచ్చును. అది అందినది మాత్రం ముక్కలుగా, నా మాటల నడుమ. పదాల మధ్య జాము వ్యవధి అనే అన్నంభట్టు ఉదాహరణ శిష్యులను నవ్వించడానికి చెప్పిన అతిశయోక్తి అనుకొనేవాడిని. అర్ధసెకను చాలునని ఆ నెలలలో తెలిసినది.

భాషాబోధనలో దీనివలన మొదట పోయినది బృందోచ్చారణ. వేదం సంత చెప్పేటప్పుడు గురువు ఒకమారు, శిష్యులు రెండుమార్లు పలకడం మనకు తెలిసినదే. ఆంగ్లోచ్చారణ బోధనలో కూడ ఉపాధ్యాయుడు పలకడం, తరగతి మొత్తం కలిసి పలకడం చిరకాలంగా ఉన్న పద్ధతి. సిగ్గరి విద్యార్థికి ఇది పెద్ద ఆసరా. అరవై గొంతులలో తన తప్పు తనకు మాత్రమే వినబడుతుంది, పక్కవాని ఒప్పు కూడ తనకు వినబడుతుంది. ఆన్‌లైన్‌లో ఒక్కొక్కరి గొంతు ఒక్కొక్క ఆలస్యంతో వస్తుంది. పైగా ప్రతిధ్వనిని అణచివేయడానికి, బిగ్గరగా పలికేవారిని ముందుకు తేవడానికి ఏర్పాటైన యంత్రాంగం మిగిలినవారిని నొక్కివేస్తుంది. ఒకసారి ప్రయత్నించాను. వచ్చినది ఉచ్చారణ కాదు, సంతలో గోల. తరువాత అందరి మైకులూ మూయించి ఒక్కొక్కరినే పలికించవలసి వచ్చినది. జూమ్‌లో ఉచితంగా దొరికే కాలం 40 నిమిషాలు, తరగతిలో అరవైమంది. తలకు 40 సెకన్లు, అదీ హాజరు తీసికొనకపోతే.

ధ్వని, పెదవి

తెలుగు అజంతభాష. హలంతమైన ఆంగ్లపదానికి మనవారు చివర ఒక ఉకారం చేర్చుకొని బస్సు, కారు, బుక్కు అంటారు. తెలుగు మాట్లాడేటప్పుడు అది దోషం కాదు, భాషాస్వభావం. కాని ఆంగ్లవాక్యంలో ఆ ఉకారం చేరితే అక్షరసంఖ్య మారి, లయ చెడుతుంది. ఆంగ్లానికి లయ ఊనికమీద ఆధారపడినది. రికార్డ్ అనే పదంలో మొదటి అక్షరాన్ని ఊది పలికితే నామం, రెండవదానిని ఊది పలికితే క్రియ. భారతీయుల ఆంగ్లం ఇతరులకు ఎంతవరకు బోధపడుతుందన్న విషయాన్ని ఆర్.కె. బన్సల్ పరిశోధించి వ్రాసిన గ్రంథాన్ని హైదరాబాదులోని కేంద్రీయ ఆంగ్లసంస్థ 1969లో వెలువరించినది. 1958లో ఏర్పడిన ఆ సంస్థే నేటి ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయం. అక్కడ శిక్షణ పొందిన ఉపాధ్యాయులు తమతో తెచ్చుకొన్న విద్య ప్రధానంగా చెవికీ, పెదవికీ సంబంధించినది.

పెదవి సంగతి ముందు చూద్దాం. ద్రాక్షసారాయికీ, ద్రాక్షతీగకూ ఉన్న ఆంగ్లపదాలు రెండింటినీ తెలుగు లిపిలో వ్రాస్తే రెండూ వైన్ అనే అవుతాయి. ఈ వ్యాసంలోనే ఆ భేదం చూపడం నాకు సాధ్యం కాదు. తెలుగు చెవికి కూడ ఆ భేదం సులభంగా దొరకదు. తరగతిలో దానిని చూపేది పెదవులతోనే: ఒకదానికి రెండు పెదవులూ గుండ్రంగా ముందుకు వస్తాయి, మరొకదానికి పైపళ్ళు క్రిందిపెదవిని తాకుతాయి. కంటితో చూచినది చెవితో విన్నదానిని మార్చివేయగలదని మెగర్క్, మెక్‌డొనాల్డ్ 1976లో ప్రయోగపూర్వకంగా నిరూపించారు: బ అనే ధ్వనిని వినిపిస్తూ గ పలికే ముఖాన్ని చూపితే చూపరికి ద వినబడినది. ఆన్‌లైన్ తరగతిలో సంకేతం చాలక బొమ్మ ఆపివేసినప్పుడు పెదవి లేదు. ఆపనప్పుడు పెదవి ఒక సమయానికి, ధ్వని మరొక సమయానికి. 2021లో కళాశాలలు తెరచిన తరువాత ధ్వనికి సన్నిధి తిరిగి వచ్చినది కాని పెదవులకు మాస్కు అడ్డం వచ్చినది. మొత్తంమీద రెండు విద్యాసంవత్సరాల విద్యార్థులు ఈ రెండు పదాల భేదాన్ని కంటితో చూడకుండానే ముందుకు సాగినారు.

ఇక చెవి. సామాన్య టెలిఫోను మార్గం 300 నుండి 3400 హెర్ట్‌జ్ వరకు ఉన్న ధ్వనితరంగాలనే మోస్తుంది. అచ్చులకు, చాల హల్లులకు ఇది చాలును. కాని సకారం ఊష్మం. దాని బలం చాలవరకు 4000 హెర్ట్‌జ్‌కు పైన ఉంటుంది. అందువలననే ఫోనులో ఇంటిపేరు చెప్పేటప్పుడు ఎస్ అనే అక్షరం ఎఫ్‌గా వినబడి, ఏదో ఒక ఊరిపేరు చెప్పి స్థిరపరచవలసి వస్తుంది. మన శిక్షాగ్రంథాలు ఊష్మాలను వేరుగా వర్గీకరించినవి; టెలిఫోను ఇంజనీర్లు ఆ వర్గాన్నే సగం గడప బయట నిలిపివేశారు.

ఆంగ్లవ్యాకరణంలో ఈ సకారానికి ఉన్న పని అపారం. బహువచనం అదే, షష్ఠీవిభక్తి వంటిది అదే, వర్తమానకాలంలో ప్రథమపురుష ఏకవచనక్రియకు చివర చేరేది అదే. మన విద్యార్థులు తరచుగా వదలివేసేది కూడ దానినే.

2020 చివర అంతర్గత మౌఖికపరీక్ష జరిపినప్పుడు ఒక విద్యార్థినికి 2జి సంకేతం తప్ప వేరు దిక్కు లేదు. మామూలు ఫోను చేసి ప్రశ్నలు వేశాను. తన తల్లి దినచర్యను వర్ణించమన్నాను. పది పన్నెండు వాక్యాలు తడబడకుండ చెప్పినది. కాని క్రియలలో ఎక్కడా చివరి సకారం వినబడలేదు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల, ఈ తప్పు ఎదురుచూడదగినదే అనుకొని, వ్యాకరణం క్రింద మార్కులు తగ్గించాను. వారం గడచిన తరువాత అదే అంశంమీద ఆ అమ్మాయి వాట్సాప్‌లో పంపిన ధ్వనిసందేశం విన్నాను. ప్రతి క్రియకూ చివర సకారం ఉన్నది. స్పష్టంగా, కొంచెం ఎక్కువ స్పష్టంగానే, ఉన్నది. ఈ వారంలో నేర్చుకొన్నావా అమ్మా అని అడిగాను. 'ఆ రోజు కూడ ఇట్లాగే చెప్పినాను సార్' అన్నది. ఆ మాట నమ్మకపోవడానికి నాకు కారణం కనబడలేదు. సకారాన్ని మ్రింగినది పిల్ల కాదు, తీగ.

ఈ సంఘటన తరువాత, ప్రత్యక్షంగా ఆన్‌లైన్‌లో గాని ఫోనులో గాని విని ఉచ్చారణకు, దానిపై ఆధారపడిన వ్యాకరణానికి నేను వేసిన మార్కులన్నింటినీ అనుమానించవలసి వచ్చినది. ఆ రెండేళ్ళలో విశ్వవిద్యాలయాలలో ఇట్లు మౌఖికపరీక్షలు జరిపినవారు ఎందరో. ఎంతమంది సకారాలు ఏ తీగలలో చిక్కుకొన్నవో లెక్క తేలదు.

సంత

ఇక్కడ అన్నంభట్టు వద్దకు మరల రావలెను. మూలంలో పదాలను విలంబం లేకుండ ఉచ్చరించడమే సన్నిధి అని చెప్పిన ఆయనే స్వీయవ్యాఖ్య అయిన దీపికలో ఒక సవరణ చేశాడు. విలంబం లేకుండ పదార్థాలు మనస్సులో ఉపస్థితం కావడమే నిజమైన సన్నిధి. ఉచ్చారణ దానికి ఉపకరించేది కనుక పేర్కొనబడినది అని ఆ వ్యాఖ్య తాత్పర్యం. అంటే సన్నిధి ఉన్నది వక్త నోటిలో కాదు, శ్రోత బుద్ధిలో. పాఠశాలలో ఈ వాక్యాన్ని చాలమంది తొందరగా దాటిపోతారు. ఆన్‌లైన్ బోధనను అర్థం చేసికొనడానికి ఇంతకంటె పనికివచ్చే సూత్రం నాకు దొరకలేదు.

ప్రత్యక్షంగా జరిగే ఆన్‌లైన్ తరగతి సమీపమైనదిగా కనిపిస్తుంది. ఒకే క్షణంలో అందరూ ఉన్నారు, ముఖాలు ఉన్నవి, పేర్లు ఉన్నవి. కాని ధ్వని చిన్న ప్యాకెట్లుగా ప్రయాణం చేస్తుంది. దారిలో ఒకటి తప్పిపోతే దానిని తిరిగి తెప్పించడానికి సమయం లేదు. వచ్చేసరికి సంభాషణ దాటిపోతుంది. అందుచేత పోయినదానిని పోనిచ్చి, ఖాళీని యంత్రం ఏదో ఒకదానితో పూరిస్తుంది. ధ్వనిసందేశం అట్లు కాదు. విద్యార్థి ఫోనులోనే పూర్తిగా రికార్డవుతుంది. ఉత్తరంవలె ప్రయాణం చేస్తుంది. తప్పిపోయిన భాగాన్ని యంత్రం తిరిగి అడిగి తెప్పించుకొంటుంది. గంట ఆలస్యం కావచ్చును, పూట ఆలస్యం కావచ్చును. చేరినప్పుడు మాత్రం పదానికీ పదానికీ నడుమ విలంబం లేదు, సకారం లోపించదు. కాలంలో దూరమైనది సన్నిధి కలిగి ఉన్నది. ఒకే కాలంలో ఉన్నదానికి సన్నిధి లేదు.

ఇది తెలిసిన తరువాత పద్ధతి మార్చాను. ప్రతి సాయంకాలం అయిదు వాక్యాలు నెమ్మదిగా, తరువాత సహజవేగంతో పలికి విద్యార్థుల సమూహానికి పంపేవాడిని. వారు విని, రెండుమార్లు పలికి, రికార్డు చేసి తిరిగి పంపవలెను. సంత పద్ధతే, గురువు ఒకమారు, శిష్యుడు రెండుమార్లు. మొదట సమూహంలోనే పంపమన్నాను. ముగ్గురు నలుగురే పంపారు. విడిగా నాకే పంపవచ్చునన్న తరువాత పేరు తప్ప గొంతు తెలియనివారు కూడ పంపసాగారు. ఎన్నిసార్లు రికార్డు చేశావని ఒక విద్యార్థిని అడిగితే, పంపినవాటికంటె చెరిపివేసినవే ఎక్కువ అన్నాడు. ఆ చెరిపివేతలోనే చదువు ఉన్నదని నా అభిప్రాయం. తన గొంతును తానే విని, గురువు గొంతుతో పోల్చి, చాలదని తీర్మానించి మరల పలకడం, ఇది ఎదుట కూర్చున్న తరగతిలో కూడ సాధారణంగా జరగదు. ఒక వాక్యాన్ని ఎన్నిసార్లయినా విసుగు లేకుండ వినిపించే గురువు మన తరంలో ఎవరు?

కష్టం ఉపాధ్యాయునిదే. అరవై సందేశాలు ఒక్కొక్కటీ విని, ఒక్కొక్కరికీ పలికి చూపి పంపేసరికి రాత్రి భోజనవేళ దాటేది. ఫోను నిండిపోయేది. పనిగంటల లెక్కలో దీనికి చోటు లేదు. తరగతి నిర్వహించినట్లు తెరమీది బొమ్మ తీసి పంపితే హాజరు పడేది కాని, రాత్రి వినిన సందేశాలకు పడలేదు. సహాధ్యాయుల సాంగత్యం కూడ ఈ పద్ధతిలో లేదు. విద్యలో పాదభాగం తోడి విద్యార్థులవలన వస్తుందని పెద్దలు చెప్పినది ఎంత నిజమో, ఒంటరిగా మేడమీద కూర్చొని వాక్యాలు చెరుపుకొన్న ఈ పిల్లలకు తెలుసు. పక్కవాడు సరిగా పలికినది విని దిద్దుకొనే అవకాశం వారికి రాలేదు.

మరొక లోపం చెప్పకపోతే అసత్యమవుతుంది. పాణినీయశిక్ష పేర్కొన్న ఆరుగురు పాఠకాధములలో లిఖితపాఠకుడు ఒకడు, అంటే వ్రాసినది చూచి చదివేవాడు. అల్పకంఠుడు మరొకడు. ఆన్‌లైన్ పరీక్షలలో ఈ ఇద్దరూ పుష్కలంగా కనిపించారు. కనుచూపు ఎడమనుండి కుడికి కదులుతూ ఉండగా సమాధానం అనర్గళంగా సాగినదంటే వేరొక చోట వ్రాత ఉన్నదని గ్రహించవలెను. ధ్వనిసందేశంలో ఆ కనుచూపు కూడ కనబడదు. అయితే వ్రాతను చూచి చదివినవాని ఊనిక చదునుగా ఉంటుంది. కొంతకాలం విన్న చెవి దానిని పట్టుకొంటుంది. పట్టుకొన్నా నేను మార్కులు తగ్గించలేదు. అప్పటికే ఒకసారి తగ్గించి ఉన్నాను.

ఆకాంక్ష

యోగ్యత గురించి ఒక్క మాట. పాఠ్యపుస్తకంలో రైల్వే రిజర్వేషన్ కౌంటరు వద్ద సంభాషణ ఒకటి ఉన్నది. 2020 మార్చి 22 అర్ధరాత్రి నుండి ప్రయాణికుల రైళ్ళు దేశమంతటా నిలిచిపోయి ఉన్నవి. బెర్తు దొరుకుతుందా అని ఇంటిలో బందీ అయిన పిల్లవాడు అడగడం, దొరుకుతుందని నేను చెప్పడం నిప్పుతో తడపడంవంటిదే. ఆ పాఠం వదలి, వార్తలలో వినబడే పదాలను తీసికొన్నాను. క్వారంటైన్ అంటే మూలంలో నలభై రోజులు. ఐసొలేషన్ ద్వీపవాచకమైన లాటిన్ పదంనుండి పుట్టినది. పాండెమిక్ గ్రీకులో సర్వజనులకు సంబంధించినది. వ్యుత్పత్తి చెబితే ప్రాచ్యవిద్యార్థి ముఖం వికసిస్తుంది, ఆన్‌లైన్‌లో ముఖం కనబడకపోయినా ప్రశ్నలవలన తెలిసినది.

ఆకాంక్ష విషయంలో మాత్రం ఈ కాలం నాకొక ఆశ్చర్యాన్ని చూపినది. ఆంగ్లంలో ప్రశ్నార్థకవాక్యం చేయడానికి కర్తకు ముందు సహాయకక్రియను తేవలెను. మన విద్యార్థులకు ఏళ్ళ తరబడి చెప్పినా ఇది పట్టుబడదు. తెలుగులో ప్రశ్న చివరి దీర్ఘంతోనే ఏర్పడుతుంది కనుక, వాక్యక్రమం మార్చకుండ స్వరం పెంచి ఊరుకొంటారు. అట్టివారే ఆన్‌లైన్ తరగతిలో 'యామ్ ఐ ఆడిబుల్' అని ఒక్క దోషం లేకుండ అడిగారు. సహాయకక్రియ ముందు, కర్త తరువాత. ఎవరూ నేర్పలేదు, ఎవరూ వల్లె వేయించలేదు. వినబడుతున్నానా లేదా అన్నది వారికి నిజంగా తెలియవలసి ఉన్నది. పదానికి పదం కావలెనన్న అపేక్ష వ్యాకరణంలో ఉంటుంది. మనిషికి వాక్యం కావలెనన్న అపేక్ష దానికి వెనుక ఉండవలెను. అదే విద్యార్థి తరువాతి నిమిషంలో పాఠంలోని ప్రశ్నను పాత పద్ధతిలోనే, క్రమం మార్చకుండ అడిగాడన్నది కూడ నిజం. ఒక వాక్యంలో కుదిరిన క్రమాన్ని మిగిలినవాటికి పొడిగించడం గురువు పని. 'యామ్ ఐ ఆడిబుల్'ను నల్లబల్లమీద కాకపోయినా తెరమీద వ్రాసి, 'యామ్ ఐ లేట్', 'యామ్ ఐ రైట్' అని మార్పించి, ఆ దారిలో సహాయకక్రియాప్రకరణం మొత్తం రెండు వారాలలో చెప్పగలిగాను. అంత సులభంగా ఆ ప్రకరణం అంతకుముందు ఎన్నడూ సాగలేదు.

తరగతిలో ఎన్నడూ నోరు విప్పనివారు తెరప్రక్కన ఉండే వ్రాతపెట్టెలో ధారాళంగా వ్రాశారన్నదీ గమనింపదగినదే. వ్రాసినది ఆంగ్లలిపిలో తెలుగు. దానిని నేను వారించలేదు.

తరువాత

2021 మే నెలలో నిధుల సంఘం మిశ్రమబోధనపై ఒక భావనాపత్రం వెలువరించి, ఒక కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో బోధించవచ్చునని ప్రతిపాదించినది. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021–22 నుండి డిగ్రీ కోర్సులను ఆంగ్లమాధ్యమంలో నడపాలని నిర్ణయించినది. ఈ రెంటినీ కలిపి చూస్తే, విద్యార్థికి ఆంగ్లం చెవిలో పడవలసిన అవసరం పెరిగిన సమయంలోనే చెవిలో పడే మార్గం ఇరుకైనదని తెలుస్తుంది. మహమ్మారి పోయినది, 40 శాతం మాట నిలిచి ఉన్నది. ఏ భాగం ఆన్‌లైన్‌కు పోవలెనన్నది చాలచోట్ల కాలపట్టిక సౌకర్యాన్నిబట్టి నిర్ణయమవుతున్నది. మౌఖికభాగం తరగతి సమయం ఎక్కువ తింటుంది కనుక దానినే ముందు బయటికి నెట్టే ధోరణి కనిపిస్తున్నది. ఇది తలక్రిందులైన నిర్ణయం. వ్యాకరణవివరణ, పాఠ్యభాగసారాంశం, వ్యాసరచన దిద్దుబాటు రికార్డుగా గాని వ్రాతగా గాని పోవచ్చును. వాటి పదార్థాలు వినేవాని తీరికలో ఉపస్థితమవుతాయి. ఒకరి మాట ఒకరు అందుకొనే సంభాషణాభ్యాసం, బృందోచ్చారణ, పెదవి చూపి చెప్పవలసిన ధ్వనులు గది దాటరాదు. ఒంటరిగా చేయవలసిన ఉచ్చారణాభ్యాసం ధ్వనిసందేశంగా పోవచ్చును, దానికి ఉపాధ్యాయుని పనిగంటలలో లెక్క ఉంటే. మౌఖికపరీక్షను మాత్రం ఫోనులో గాని, ప్రత్యక్ష ఆన్‌లైన్‌లో గాని జరిపి, ఒక సకారం కొరకు మార్కు కోయడం ఎవరికీ తగదు. దూరంనుండే జరపక తప్పని పరిస్థితి మరల వస్తే రికార్డు చేసి పంపమనడం మేలు.

పైన చెప్పిన విద్యార్థిని అంతర్గత మార్కుల జాబితా ధ్వనిసందేశం వచ్చేసరికే పంపివేసి ఉన్నాను. సవరణ కోరుతూ లేఖ వ్రాయవలసి వచ్చినది. ఆ పత్రంలో కారణం వ్రాయడానికి ఒక గడి ఉన్నది. సన్నిధి లేదని వ్రాస్తే అర్థం చేసికొనేవారు లేరు కనుక సాంకేతికలోపమని వ్రాశాను. ఎవరి పక్షాన లోపమో తెలుపవలసినదిగా తిరుగుటపాలో ప్రశ్న వచ్చినది. పరీక్షకుని పక్షాన అని వ్రాసి సంతకం చేశాను. నాలుగు మార్కులు కలిసినవి.